హాజరు సరే, జవాబు ఏది?

గత నెలలో ఒక శనివారం సాయంత్రం అసర్ నమాజు ముగించుకొని భవానీపురంలోని మా వీధి మసీదు మెట్లు దిగుతుండగా ఒక యువకుడు నాలుగు మడతలు పెట్టిన కాగితం నా చేతిలో పెట్టాడు. విప్పి చూశాను. మెమో. ముప్పై ఆరేళ్ళపాటు ఇటువంటి కాగితాలను టైపు చేసిన వాణ్ణి కనుక చదవకముందే అదేమిటో తెలిసిపోయింది. ఒక ప్రభుత్వ కార్యాలయంలో పొరుగు సేవల పద్ధతిపై డేటా ఎంట్రీ పని చేస్తున్న ఆ యువకుడు ఫలానా శుక్రవారం మధ్యాహ్నం 1 గంట 20 నిమిషాల నుండి 2 గంటల 20 నిమిషాల వరకు తన స్థానంలో లేడనీ, కారణం మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలనీ, లేనిచో తగు చర్య తీసుకోబడుననీ దాని సారాంశం.

"చిచ్చా, తప్పయిపోయింది, ఇకమీదట జరగదు, క్షమించండి అని రాసిపెట్టండి. సంతకం చేసి ఇచ్చేస్తాను" అన్నాడు.

"జుమా నమాజుకు వెళ్ళివస్తానని ఎప్పుడైనా అనుమతి అడిగావా బేటా?" అన్నాను.

"అడిగితే వద్దంటారేమోనని అడగలేదు చిచ్చా. అడగకుండా వెళ్తే ఎవరూ పట్టించుకోరనుకున్నాను. మూడేళ్ళూ పట్టించుకోలేదు కూడా."

అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. ఈ మాట వినగానే నాకు ఆ యువకుని మీద జాలి కలుగలేదు, నా మీద నాకు సిగ్గు కలిగింది. ఎందుకంటే 1981లో గుమాస్తాగా చేరి 2017లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసేవరకు నా ఉద్యోగ జీవితం మొత్తం ఆ ఒక్క వాక్యం మీదనే నడిచింది. కాబట్టి ఈ వ్యాసంలో ఇతరులను విమర్శించవలసి వచ్చిన చోటల్లా మొదటి ముద్దాయిని నేనేనని పాఠకులు గ్రహించాలి.

మన కచేరీ తెలుగులో ఎన్ని మాటలు మన ఇళ్ళలో మాట్లాడే భాష నుండి వచ్చాయో ఎప్పుడైనా గమనించారా? హాజరు, అర్జీ, ఫిర్యాదు, జవాబు, తాఖీదు, దస్త్రం, దఫేదారు, తహసీలు, రాజీ, రాజీనామా... కృష్ణా డెల్టాలో ఏ కార్యాలయానికి వెళ్ళినా ఈ మాటలు లేకుండా పొద్దు గడవదు. చిత్రమేమంటే, ఇన్ని మాటలను ఇచ్చిన ఆ భాష ఇంట్లో మాట్లాడుకొనే మనం కార్యాలయంలో వాటిలో రెండింటినే వాడుకున్నాం. ఒకటి హాజరు, రెండవది రాజీ. అర్జీ, ఫిర్యాదు, జవాబు అన్న మాటలను ఇతరులకు వదిలివేశాం.

నేను చేరిన కార్యాలయం డెల్టాలోని ఒక పట్టణంలో ఉండేది. శాఖ పేరు, ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఇరవై ముగ్గురు సిబ్బందిలో ముస్లింను నేనొక్కణ్ణే. నాకు పేరున్నా, హాజరు పట్టీలో అది స్పష్టంగా రాసి ఉన్నా, పదేళ్ళపాటు నన్ను పేరుతో పిలిచినవారు ఇద్దరో ముగ్గురో. మిగిలినవారికి నేను "సాయిబు"ను. అందులో దురుద్దేశం ఉందని నేననను. మా హెడ్ గుమాస్తా గారు పండుగకు మా ఇంటికి వచ్చి సేమ్యా తాగి వెళ్ళేవారు, మా అమ్మాయి పెళ్ళికి ముందుండి పనులు చేశారు. ఆయనా సాయిబు అనే పిలిచేవారు. "సార్, నా పేరు ఫలానా" అని ఒక్కసారి చిరునవ్వుతో అని ఉంటే ఆయన తప్పక మార్చుకొని ఉండేవారని ఇప్పుడు నాకు నమ్మకం. అప్పుడు అనలేదు.

1996 మార్చి 9, శనివారం. బెంగుళూరులో ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్‌లో భారతదేశం పాకిస్తాన్‌ను ఓడించింది. ఆ రాత్రి మా వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు కూర్చొని, వెంకటేశ ప్రసాద్ ఆమిర్ సొహైల్ వికెట్ పడగొట్టినప్పుడు కేకలు వేసినవారిలో నేనూ ఉన్నాను. సోమవారం ఉదయం కార్యాలయంలో అడుగుపెట్టగానే ఒక సహోద్యోగి, "ఏం సాయిబూ, మొన్న మీవాళ్ళు ఓడిపోయారే!" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆ రోజు భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాదు అజహరుద్దీన్ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగివేసి, నేనూ వాళ్ళతోపాటు నవ్వాను. ఇరవై తొమ్మిదేళ్ళు గడిచినా ఆ పరిహాసం కన్న ఆ నా నవ్వే నన్ను ఎక్కువ బాధిస్తూ ఉంటుంది.

ఇవన్నీ చిన్న విషయాలు. వీటి గురించే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాను. చిన్న విషయాలలో మౌనం అలవాటైనవానికి పెద్ద విషయం ఎదురైనప్పుడు నోరు హఠాత్తుగా తెరుచుకోదు. నా విషయంలో అదే జరిగింది.

1998లో మా కార్యాలయంలో ఒక బిల్లుకు సంబంధించిన దస్త్రం కనిపించకుండా పోయింది. ఆడిట్ వారు అడిగారు. అది ఎక్కడ ఉందో నాకు తెలుసు. ఒక శనివారం సాయంత్రం మా అధికారి దానిని తన నివాసానికి తెప్పించుకున్నారు. నాడా కట్టి అటెండరు చేతికి ఇచ్చింది నేనే. అధికారి నోటిమాటగా అడిగారు, నేను నోటిమాటగానే పంపాను. కదలికల రిజిస్టరులో నమోదు చేయలేదు. చేస్తే ఆయన ఏమనుకుంటారోనన్న సంకోచం. ఆడిట్ వారు వచ్చేనాటికి అధికారి ఆ సంగతి తనకు తెలియదన్నారు. దస్త్రాన్ని మోసినవాడు అటెండరు కనుక మెమో అతనికి వెళ్ళింది.

అతను మా పొరుగు గ్రామంవాడు, దళితుడు, సంతకం మాత్రమే చేయగలడు. మెమో పట్టుకొని నా దగ్గరికే వచ్చాడు. "సాయిబు గారూ, మీరే కట్టి ఇచ్చారు గదండీ. అయ్యగారింట్లో బల్లమీద పెట్టి వచ్చానండీ. ఆ మాట రాయండి" అన్నాడు. నేను చుట్టూ చూశాను. "అట్లా రాస్తే నీకే ముప్పు. అధికారి మీద నింద వేశావంటారు. పని ఒత్తిడిలో పొరపాటు జరిగింది, మన్నించండి అని రాస్తే సెన్సూరుతో పోతుంది" అని నచ్చజెప్పి, నా చేతిరాతతోనే అతని వివరణ రాశాను. అతనిని కాపాడగల ఒకే ఒక వాక్యాన్ని అందులో లేకుండా చేసింది ఏ అధికారీ కాదు, నేను. అతను నమ్మి సంతకం చేశాడు. తప్పు ఒప్పుకున్నాడు గనుక విచారణ అవసరం లేకపోయింది. ఒక ఇంక్రిమెంటును రెండేళ్ళపాటు నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వును టైపు చేసింది, అతని సర్వీసు రిజిస్టరులో ఎరుపు సిరాతో నమోదు చేసింది కూడా నేనే.

ఏడాది తర్వాత అధికారి బదిలీ అయ్యారు. ఆయన ఇంటి సామాను సర్దుతున్నప్పుడు దస్త్రం దొరికిందని ఒక డ్రైవరు తెచ్చి నా బల్లమీద పెట్టాడు. దానిని ఎర్ర నాడాతో కట్టి రికార్డు గదిలో వరుసలో పెట్టాను. శిక్షను రద్దుచేయమని నోట్ పెట్టవలసినవాణ్ణి నేనే. పెట్టలేదు. ఆ రాత్రి ఇంట్లో కూర్చొని పై అధికారులకు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. పోస్టు చేయలేదు. చేసినా సంతకం లేని ఉత్తరాన్ని ఎవరూ లెక్కచేయరని ఇరవై ఏళ్ళ గుమాస్తా అనుభవం ఉన్న నాకు తెలియదా? పగలు నోరు మూసుకున్నవాడు రాత్రి తన మనస్సాక్షిని జోకొట్టుకోవడానికి రాసుకొనేదే ఆకాశరామన్న ఉత్తరం.

ఆ అటెండరు ఇప్పుడు లేడు. కుటుంబ పింఛను కాగితాలు నేనే తయారుచేసి ఇచ్చాను. ఆయన భార్య నాకు రెండు చేతులూ జోడించి నమస్కరించింది.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మనలో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది: మనం తక్కువమందిమి, మన మౌనం మన ఆత్మరక్షణ, దానివల్ల నష్టం కలిగితే మనకే కలుగుతుంది, ఇతరులకు కాదు. ఇది అబద్ధం. నేను ముస్లింను గనుక జాగ్రత్తగా ఉండాలి అన్న సాకుతో నేను నాకన్న బలహీనుడైన ఒక మనిషిని బలిచ్చాను. అల్పసంఖ్యాకుడననే నా భయానికి మూల్యం చెల్లించింది ముస్లిం కాని ఒక పేదవాడు.

అయినా ఆ భయం ఊరికే పుట్టలేదని కూడా చెప్పాలి. కార్యాలయంలో మరొకడు తప్పుచేస్తే తప్పు అతనొక్కడిదే అవుతుంది. మనవాడు చేస్తే "మీవాళ్ళంతా ఇంతే" అన్న మాట వస్తుంది. ఒక్కడు నోరు తెరిస్తే తర్వాత వచ్చేవానికి తలుపు మూసుకుపోతుందేమోనన్న బెదురు ఉంటుంది. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక లెక్కలు మన ఉద్యమకారులందరికీ కంఠస్థమే. ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. రైల్వేలలో 4.5 శాతం, అందులోనూ 98.7 శాతం మంది కింది స్థాయిలోనే. రైల్వే పట్టణమైన విజయవాడలో ఈ చివరి లెక్కకు పుస్తకం అక్కరలేదు, వించిపేటలో ఏ రైల్వే కుటుంబాన్ని అడిగినా చెబుతుంది. కింది స్థాయిలో, అదీ ఒంటరిగా ఉన్నవాడు గొంతెత్తలేదని నిందించడం సులభం.

అందుకే మన పోరాటమంతా సంఖ్య పెంచడం మీదనే సాగింది. 2007లో బీసీ-ఇ పేరుతో 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. హైకోర్టు కొట్టివేసినా 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ ఉంది. దానివల్ల మన పిల్లలు ఇంజనీరింగు, వైద్య కళాశాలల్లోనూ, సర్కారు కొలువుల్లోనూ కనిపిస్తున్నారు. ఆ చట్టం కోసం తిరిగినవారిలో నేనూ ఒకణ్ణి, గర్వంగానే చెబుతాను. అయితే సంఖ్య పెరిగితే గొంతు దానంతట అదే వస్తుందన్న మిత్రుల వాదనతో నేను ఏకీభవించను. నేను విరమణ చేసేనాటికి మా కార్యాలయంలో ముస్లింలు నలుగురం. నలుగురమూ నలుగురు మౌనులం. ఒకరికి కష్టం వస్తే మిగిలిన ముగ్గురం మరింత తలవంచుకొని ఫైళ్ళు చూసుకొనేవాళ్ళం, గుంపు కట్టామని అనుకుంటారేమోనని!

నిజానికి ఈ వ్యాధి మనదొక్కరిదే కాదు. మా మీద విరుచుకుపడే అధికారే శాసనసభ్యుడు వస్తున్నాడంటే గుమ్మం దాకా పరుగెత్తి, నిలబడే మాట్లాడి, నిలబడే తిట్లు తినడం నా కళ్ళతో చూశాను. కచేరీ అంటేనే ఒక నిచ్చెన. ప్రతి మెట్టువాడూ పైమెట్టు ముందు మూగవాడు, కిందిమెట్టు మీద సింహం.

ఆ నిచ్చెన ఒక్కరోజు నేల మీదికి దిగడం విజయవాడ చూసింది. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పదకొండవ వేతన సవరణ ఉత్తర్వులిచ్చింది. 27 శాతం మధ్యంతర భృతి పొందుతున్నవారికి ఫిట్‌మెంటు 23 శాతమే అన్నారు. ఇంటి అద్దె భత్యం తగ్గించారు. వృద్ధ పింఛనుదారులకు వయసును బట్టి ఇచ్చే అదనపు పింఛనులోనూ కోత పెట్టారు. ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ పిలుపు వచ్చింది. పోలీసులు అనుమతి లేదన్నారు, ఎక్కడికక్కడ ఆపారు. అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు ఆ రోజు జనసముద్రమైంది. పింఛనుదారుగా నేనూ వెళ్ళాను. జీవితంలో ఎన్నడూ అధికారి గదిలో కుర్చీలో కూర్చోని మనుషులు ముఖ్యమంత్రినే ప్రశ్నిస్తూ నినదించడం చూసి నా కళ్ళు చెమర్చాయి. ఆ రోజు నన్ను సాయిబు అన్నవారు లేరు, పక్కనున్న ఉపాధ్యాయుడు తన నీళ్ళ సీసా నాకిచ్చి, నా చేయి పట్టుకొని నడిపించాడు. 7వ తేదీ నుండి తలపెట్టిన సమ్మె మంత్రుల కమిటీతో చర్చల తర్వాత విరమించారు. వచ్చిన దానితో తృప్తి పడనివారు చాలామంది ఉన్నారు, అది వేరే చర్చ.

నన్ను వేధించిన ప్రశ్న మరొకటి. ఆ వేలాది మందిలో ఎందరు ఆ తర్వాత తమ సెక్షనులో, తమ పక్క కుర్చీలోని మనిషికి జరిగిన చిన్న అన్యాయానికి నోరు విప్పారు? గుంపులో ధైర్యం వేరు, కుర్చీలో ధైర్యం వేరు. రెండవది చాలా అరుదు. జీతం కోసం అందరమూ రోడ్డెక్కాం, మాట కోసం ఎవరమూ లేచి నిలబడలేదు.

రక్షణ లేనివారు మాట్లాడలేరన్న సిద్ధాంతాన్ని అంగన్‌వాడీ ఆడబిడ్డలు పూర్వపక్షం చేసిపెట్టారు. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు. ఎస్మా ప్రయోగించినా ఇళ్ళకు వెళ్ళలేదు. మా గుమాస్తాలకు ఉన్న రాజ్యాంగ రక్షణ వాళ్ళకు లేదు, మా జీతంలో మూడో వంతు కూడా లేదు. వారిలో మన ఇళ్ళ ఆడబిడ్డలూ ఉన్నారు. మన మసీదు వరండాల్లో కూర్చొని ప్రపంచ రాజకీయాలన్నీ చర్చించే విశ్రాంత ఉద్యోగులం, నాతో సహా, ఆ 42 రోజుల్లో ఒక్క పూట వారి శిబిరానికి మంచినీళ్ళు మోసుకెళ్ళామా?

ఇక సబర్ సంగతి. మన పెద్దలు పిల్లలకు ఇచ్చే మొదటి సలహా "సబర్ చెయ్యి బేటా." సహనం మన ధర్మంలో ఎంత ఉన్నతమైనదో నాకు చెప్పనక్కరలేదు. అయితే కష్టాన్ని నిబ్బరంగా భరిస్తూ న్యాయమైన మార్గాన్ని వదలకపోవడం సబర్. మార్గాన్నే వదిలిపెట్టి మూల కూర్చోవడానికి ఆ పేరు పెట్టుకోవడం మన సోమరితనం. మూసా అలైహిస్సలాం వృత్తాంతం మనకందరికీ తెలుసు. ఫిరౌన్ దర్బారుకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు ఆయన తన నాలుక ముడిని విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు, తన సోదరుడు హారూన్‌ను తోడుగా ఇమ్మన్నారు. ఒక ప్రవక్తకే అధికారం ముందు మాట తడబడుతుందన్న శంక కలిగిందంటే మనకు భయం కలగడంలో వింత లేదు. ఆయన భయాన్ని దాచుకోలేదు, దానిని ఒప్పుకొని తోడు అడిగారు. ఈ వృత్తాంతం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! తోడు అడగాలన్న సంగతి మాత్రం పదవీ విరమణ అయ్యాకే నా బుద్ధికి తట్టింది.

మన సర్వీసు నిబంధనల్లో కూడా ఆ తోడుకు చోటుందంటే నమ్ముతారా? 1991 నాటి రాష్ట్ర సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నిబంధనల ప్రకారం పెద్ద శిక్షకు దారితీసే విచారణలో అభియోగం ఎదుర్కొంటున్న ఉద్యోగి మరొక ప్రభుత్వోద్యోగి సహాయం తీసుకోవచ్చు. చిన్న శిక్ష వేయాలన్నా ముందుగా లిఖితపూర్వకంగా తెలిపి అతని వాదన వినవలసిందే. ఆ వాదనలో నిజం రాసే హక్కు అటెండరుకు ఉంది, నేనే దానిని అతని చేతిలో నుండి లాక్కున్నాను. ఇక రహస్య నివేదికల భయం. దాని కోరలు సుప్రీంకోర్టు 2008లోనే పీకింది. దేవదత్ అనే ఇంజనీరుకు ఒక ఏడాది నివేదికలో "వెరీ గుడ్" బదులు "గుడ్" అని రాశారు. ఆ సంగతి అతనికి తెలియజేయలేదు, పదోన్నతి పోయింది. ప్రతి నమోదునూ, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయవలసిందేనని న్యాయస్థానం తీర్పు చెప్పింది. "గుడ్" అన్న మాట కూడా మనిషి గొంతు కోయగలదని గుమాస్తాలకు తప్ప ఇతరులకు అర్థం కాదు! సమాచార హక్కు చట్టం 2005 నుండి అమలులో ఉంది. తీసుకున్న నిర్ణయానికి కారణాలను దానివల్ల ప్రభావితులైనవారికి తెలపాలని అందులో నాలుగవ సెక్షన్ చెబుతుంది. ఇంగ్లీషులో రాయలేమని జంకే మన పిల్లలకు మరొక మాట. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం ఏ వ్యక్తి అయినా తన ఇబ్బంది తొలగించమని ఏ అధికారికైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చు. మంచి తెలుగులో రాసిన నాలుగు వాక్యాల అర్జీకి వచ్చే గౌరవం తప్పుల ఇంగ్లీషులో రాసిన నాలుగు పేజీలకు రాదని నా అనుభవం.

ఈ నిబంధనలలో చాలావరకు పర్మనెంటు ఉద్యోగికి. నా చేతికి మెమో ఇచ్చిన యువకునికి వీటిలో దాదాపు ఏదీ వర్తించదు. అతను ప్రభుత్వ పని చేస్తాడు, ప్రభుత్వోద్యోగి కాడు. రేపు రావద్దంటే రాకూడదు, అంతే. అటువంటివానితో "ధైర్యంగా మాట్లాడు" అని చెప్పి మనం ఇంటికి వెళ్ళి భోంచేయడం ఏ రకం న్యాయం? రంజాన్ నెలలో సాయంత్రం గంట ముందుగా వెళ్ళే వెసులుబాటునిస్తూ ఏటా ఉత్తర్వు వస్తుంది. అది చేతిలో ఉండి కూడా అడగలేక ఇఫ్తారు సమయానికి బస్సులో ఖర్జూరం నోట్లో వేసుకొనే పిల్లలు ఉన్నారు. మాట్లాడితే పోయేది ఎక్కువగా ఉన్నవాడు మౌనంగా ఉంటాడు. కనుక పోయేది తక్కువగా ఉన్నవారు అతని పక్కన నిలబడాలి. పింఛను చేతికి అందుతున్న నాబోటివారిని ఇప్పుడు ఏ అధికారి ఏం చేయగలడు?

బయటివారి సంగతి ఎంతసేపు చెప్పినా చెప్పవచ్చు. మన ఇంట్లో ఏం జరుగుతోంది? మన మసీదుల్లో ఇమామ్ సాహెబ్ కమిటీ అధ్యక్షుని ముందు ఎలా నిలబడతారో గమనించారా? సరిగ్గా నేను మా అధికారి ముందు నిలబడినట్లే. ఇమాములకు వేతనం చెల్లించవలసిన బాధ్యత వక్ఫు బోర్డులపై ఉందని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. ఆచరణలో ఎందరో ఇమాములు, మౌజన్లు కమిటీ పెద్దల దయమీదనే బతుకుతున్నారు. జీతం ఆలస్యమైందని అనలేరు, అంటే మరో నెలకు మరో ఇమామ్ కనిపిస్తారు. శుక్రవారం మింబరు మీది నుండి మనకు ధైర్యం బోధించవలసిన మనిషి సోమవారం ఒక కుర్రాడికి నికా చదివే విషయంలో కూడా అధ్యక్షుని ముఖం చూస్తాడు. నేను సభ్యునిగా ఉన్న ఒక కమిటీలో ఒక మౌజన్‌ను ఒక్క మాటతో పంపించివేశారు. ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. మీరు ఊహించినట్లే, మాట్లాడలేదు. అప్పటికి నేను విరమణ చేసి రెండేళ్ళయింది, భయపడడానికి కారణమంటూ ఏదీ లేదు. కారణం పోయినా అలవాటు పోలేదు. వన్‌టౌన్‌లో మనవారి దుకాణాల్లో ఉదయం తొమ్మిదికి వచ్చి రాత్రి పదికి వెళ్ళే కుర్రాళ్ళలో మన పిల్లలే ఎక్కువ. వారు యజమానిని "సేఠ్" అంటూ ఎంత భయంగా పిలుస్తారో, మైనారిటీ హక్కుల సభల్లో వేదికనెక్కే ఆ సేఠ్‌లు ఒకసారి చెవిపెట్టి వినాలి.

సరే, ఆ మెమో సంగతి. ఆ సాయంత్రం నుండి మగ్రిబ్ అజాన్ వరకు మేమిద్దరమూ మసీదు వరండాలో కూర్చొని జవాబు రాశాం. "క్షమించండి" తీసివేద్దామా ఉంచుదామా అన్న దగ్గర చాలాసేపు ఆగిపోయాం. చివరికి ఇలా కుదిరింది. ఆ గంటసేపు జుమా నమాజుకు వెళ్ళిన మాట వాస్తవం. ముందుగా అనుమతి కోరకపోవడం నా పొరపాటు. మూడేళ్ళుగా పైవారికి తెలిసే వెళ్ళివస్తున్నాను, అప్పగించిన పని ఏనాడూ నిలిచిపోలేదు. ఇకపై శుక్రవారం భోజన విరామం అరగంటతో కలిపి ఒక గంట అనుమతిస్తే, తక్కువైన అరగంట సాయంత్రం అదనంగా పనిచేస్తాను. మూడవ వాక్యం దగ్గర అతని చేయి వణికింది. "పైవారికి తెలిసే" అన్న మాట కొట్టివేయమన్నాడు. అది నిజమా కాదా అన్నాను. నిజమే అన్నాడు. 1998 నాటి సంగతి అప్పుడు అతనికి చెప్పాను. ఇంట్లోవారికి కూడా పూర్తిగా చెప్పని విషయం. అతను కొంచెంసేపు మౌనంగా ఉండి సంతకం చేశాడు.

ఒంటరిగా వెళ్ళవద్దన్నాను. అదే కార్యాలయంలో ఉద్యోగ సంఘంలో పనిచేసే ఒక పర్మనెంటు ఉద్యోగి నాకు పరిచయం. ముస్లిం కాదు. ఫోను చేస్తే, "మీవాళ్ళు ఎవరూ కాగితం ఇవ్వరు సార్. కాగితం లేకుండా మేమేం మాట్లాడతాం? ఇప్పుడు ఇచ్చాడు గదా, నేను వెంట వెళ్తాను" అన్నాడు. సోమవారం ఇద్దరూ కలిసి తపాలా సెక్షనులో జవాబు ఇచ్చి, రెండవ ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకున్నారు. అధికారి పిలిచి గట్టిగా ఏమీ అనలేదట. "నోటితో అడిగితే సరిపోయేది గదా, ఇంత రాతకోతలెందుకు?" అన్నారట. లిఖితపూర్వక అనుమతి ఈ వ్యాసం రాసేనాటికి రాలేదు. గడిచిన రెండు శుక్రవారాలూ అతను వెళ్ళేముందు చెప్పి వెళ్ళాడు, సాయంత్రం అరగంట ఎక్కువసేపు కూర్చున్నాడు.

మొన్న అసర్ తర్వాత మళ్ళీ వచ్చాడు. వెంట ఒక నడివయసు స్త్రీని తీసుకొచ్చాడు. మసీదు గేటు దగ్గరే సంకోచిస్తూ నిలబడి ఉంది. అదే కార్యాలయంలో ఊడ్చే పని చేస్తుందట. ఏజెన్సీ నుండి రెండు నెలల వేతనం రాలేదు, అడిగితే సెలవులు పెట్టావని అంటున్నారు, ఆమె పెట్టలేదు. "చిచ్చా, ఈమెకు కూడా ఒక కాగితం రాయాలి. హాజరు పట్టీ నేను చూశాను, అన్ని రోజులూ వచ్చింది. ఆ మాట రాయండి, కింద సాక్షిగా నేను సంతకం పెడతాను" అన్నాడు.

ఆమె కోసం వరండాలో నుండి ఒక కుర్చీ గేటు దగ్గరికి తెప్పించాను. ముందుగా పేరు అడిగాను.